రైఫిల్ బ్యారెల్ శుభ్రం చేయడం ఎలా: గాళ్లు అరగకుండా, మూతి చెడకుండా

కొత్తగా రైఫిల్ చేతికొచ్చినవాళ్లకు రెండు జబ్బుల్లో ఒకటి పట్టుకుంటుంది. కొందరు ఏళ్ల తరబడి గొట్టంలోకి, అంటే బ్యారెల్‌లోకి, గుడ్డపీలిక కూడా దూర్చరు. ఇంకొందరు పది గుండ్లు కాల్చినా సరే, ఇంటికి రాగానే తుపాకిని బల్ల మీద పడుకోబెట్టి అద్దంలా మెరిసేదాకా తోముతారు. నన్నడిగితే ఈ రెండోవాళ్ల తుపాకులే ముందు పాడవుతాయి. .22 విషయంలో మరీను, అంటే దాదాపు 0.22 అంగుళం వెడల్పు గుండు పేల్చే చిన్న రైఫిల్. ఆ చిన్న తూటాలో వేడి తక్కువ, పీడనం తక్కువ, పైగా గుండు మెత్తటి సీసం. వేలకు వేలు కాల్చినా ఉక్కు పెద్దగా అరగదు. అయినా అరిగిన .22 బ్యారెళ్లు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటిని అరగదీసింది శుభ్రం చేసేటప్పుడు వంకరగా తోసిన ఊచ, అంటే రాడ్డే.

నా మొదటి .22 మూతిని, అంటే గుండు బయటికొచ్చే కొసను, నేనే చెడగొట్టుకున్నాను. మూడు ముక్కల్ని మరబిగించి కలుపుకునే అల్యూమినియం రాడ్ ఒకటి ఉండేది. దాన్ని మూతివైపు నుంచి దూర్చి, కళ్లు టీవీ మీద పెట్టి, కవ్వం తిప్పినట్టు తోసేవాణ్ణి, లాగేవాణ్ణి. గ్రూప్, అంటే గురిపలక మీద గుండ్లు పడ్డ గుంపు, నెమ్మదిగా పెద్దదవుతూ వచ్చింది. తూటాలు మార్చాను, స్కోపు మార్చాను, నా ఊపిరిని తిట్టుకున్నాను. చివరికి భూతద్దం పెట్టి చూస్తే మూతి అంచు ఒకపక్క అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. కింద రాసిందంతా ఆ తర్వాత నేర్చుకున్నది.

ఏం కాపాడుతున్నామో ముందు తెలియాలి

బ్యారెల్ లోపలి రంధ్రాన్ని బోర్ అంటాం. దాని గోడ నున్నగా ఉండదు. మెలితిరుగుతూ పోయే గాళ్లు, వాటి మధ్య గట్లు ఉంటాయి. గుండుకు గిరగిరా తిరిగే గుణం ఇచ్చేవి అవే. .308 రైఫిల్‌లో గట్టు నుంచి గట్టుకు వెడల్పు 0.300 అంగుళం, గాడి అడుగు నుంచి గాడి అడుగుకు 0.308. అంటే ఒక్కో గట్టు ఎత్తు 0.004 అంగుళం, పదోవంతు మిల్లీమీటరు మాత్రమే. .22లో ఇంకా తక్కువ. ఎవరి తలలోనైనా ఒక వెంట్రుక పీకి చూడండి, దాదాపు అంతే మందం. మనం రాడ్ దూర్చేది అంత సన్నటి గట్ల మధ్య నుంచి.

అందులోనూ రెండు చోట్లు మరీ సున్నితం. ఒకటి గొంతు: తూటా కూచునే చాంబర్ దాటగానే గట్లు మొదలయ్యే చోటు. గుండు గట్లను పట్టుకునేది అక్కడే కాబట్టి, అక్కడ గీతపడితే గుండు ప్రయాణం మొదలే వంకర. రెండోది మూతి అంచు, క్రౌన్ అంటారు. గుండు బ్యారెల్ వదిలే క్షణంలో దాని వెనకున్న వాయువు చుట్టూ సమానంగా బయటికి రావాలి. అంచు ఒకపక్క అరిగితే అటువైపు వాయువు ముందే చిమ్ముతుంది, గుండు తోకను పక్కకు నెడుతుంది. నా .22కు పట్టింది ఈ తెగులే.

బ్యారెల్ ఉక్కు గట్టిది. ఇత్తడి బ్రష్షో కంచు బ్రష్షో దాన్ని గీరలేదు, నూలుగుడ్డ అసలే గీరలేదు. గీరేది ఇసుక, దుమ్ము, మసిలోని గరుకు. .22 లాంటి రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొడితే పేలే) తూటాల్లో చాలావాటి ప్రైమర్‌లో, అంటే నిప్పు రగిలించే మందులో, రాపిడి కోసం మెత్తటి గాజుపొడి కలుపుతారని చాలామందికి తెలియదు. అది చాంబర్ ముందు మసిలో కలిసి కూచుంటుంది. మీరు రాడ్‌ను గోడకేసి రాసినప్పుడు ఉక్కు మీద రాసుకునేది ఆ గాజుపొడి. గట్టి గరుకు కాగితంతో రుద్దినట్టే అన్నమాట. కాబట్టి ఈ పనిలో చూసుకోవలసినవి రెండే: గరుకును గోడ మీద ఈడ్వకూడదు, రాడ్ గోడను తాకకూడదు.

సామాను

రాడ్ ఒకే ముక్కగా ఉండాలి. ముక్కల రాడ్‌లో కీళ్లు ఉంటాయి, తోస్తే వంగుతాయి, వంగిన కీలు గట్ల మీద రాసుకుంటుంది. అల్యూమినియం మెత్తటి లోహం, గరుకు దాని ఒంట్లో దిగబడి ఆకురాయిలా మారుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న స్టీల్ రాడ్ గాని, కార్బన్ ఫైబర్ రాడ్ గాని తీసుకోండి. పూత ఉన్నదాన్ని ప్రతిసారీ తుడవాలి, పూతలో కూడా ఇసుక దిగుతుంది. పిడిలో బేరింగ్ ఉండడం తప్పనిసరి. బ్రష్ గాళ్ల వెంట తిరుగుతూ పోవాలంటే రాడ్ పిడితో పని లేకుండా తనంతట తాను తిరగాలి. అది తిరగకపోతే బ్రష్ గట్లకు అడ్డంగా గీరుకుంటూ పోతుంది.

బోర్ గైడ్. కొత్తవాళ్లు డబ్బు మిగుల్చుకోవాలని చూసేది దీని దగ్గరే, ముందు కొనవలసింది కూడా దీన్నే. చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ తీసేసి ఆ స్థానంలో దూర్చే గొట్టం ఇది. రాడ్‌ను బోర్‌కు నట్టనడుమ పట్టుకుంటుంది, గొంతుకు తగలనివ్వదు, సాల్వెంట్ (మసిని కరిగించే ద్రావకం) వెనక్కి ట్రిగ్గర్‌లోకి కారకుండా ఆపుతుంది. మీ చాంబర్ కొలతకు సరిపోయేది కొనండి. వదులుగా ఊగే గైడ్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

ఇక జాగ్, అంటే రాడ్ కొసన గుడ్డను పొడుచుకుని పోయే మొన. తగిన సైజు నూలు ప్యాచ్‌లు, అంటే గుడ్డముక్కలు. ఒక కంచు బ్రష్, ఒక నైలాన్ బ్రష్. స్టీల్ బ్రష్ మాత్రం ఇంట్లోకే రానివ్వకండి, ఎవరు ఉచితంగా ఇచ్చినా సరే. మసి కోసం ఒక సాల్వెంట్, రాగి కోసం ఒకటి. పల్చటి తుపాకి నూనె. చేతికి నైట్రైల్ గ్లవ్స్, కళ్లకు అద్దాలు. అద్దాలెందుకంటే మూతి దగ్గర బ్రష్ బయటికి వచ్చేటప్పుడు దాని పోగులు ఒక్కసారి విచ్చుకుని సాల్వెంట్‌ను చిమ్ముతాయి. ఆ తుంపరలు ఎదురుగా వంగి చూస్తున్నవాడి కంట్లోనే పడతాయి.

మొదలుపెట్టే ముందు

తూటాలుండే మ్యాగజైన్ ముందు తీయండి. ఆ తర్వాతే బోల్ట్ తెరవండి. వరుస తిరగబడితే మ్యాగజైన్‌లోని తూటా చాంబర్‌లోకి ఎక్కుతుంది. చాంబర్‌ను కళ్లతో చూడండి, చిటికెనవేలు పెట్టి తడిమి కూడా చూడండి. వెలుతురు సరిగా లేనప్పుడు కన్ను మోసం చేస్తుంది, వేలు చేయదు. తూటాలన్నీ ఇంకో గదిలో పెట్టి రండి. బోల్ట్ బయటికి తీసి పక్కన పెట్టండి. ఇది ఎన్నో వందోసారి అయినా ఈ వరుసే.

కిటికీలు తెరవండి. రాగి సాల్వెంట్లలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది, ముక్కు పుటాలు అదురుతాయి. బ్లీచింగ్ ద్రావకం ఏదైనా దగ్గర్లో ఉంటే తీసేయండి, అమ్మోనియాతో అది కలిస్తే విషవాయువు పుడుతుంది. రైఫిల్‌ను స్టాండ్ మీద కదలకుండా పెట్టి మూతిని రవంత కిందికి వంచండి. మడ్డి అంతా మూతివైపు కారాలి, వెనక్కి రాకూడదు. అమ్మోనియా చెక్క పాలిష్‌ను తినేస్తుంది కాబట్టి స్టాక్ (చెక్క భాగం) మీద పాత తువ్వాలు కప్పితే మంచిది.

తడి ప్యాచ్‌తోనే మొదలు

చాలామంది నేరుగా బ్రష్ దూరుస్తారు. పొడి మసి మీద పొడి బ్రష్. ఆ గాజుపొడినీ గరుకునూ గొట్టం ఈ చివర నుంచి ఆ చివరదాకా ఈడ్చినట్టే. ముందు గరుకును తేలించి బయటికి తోయాలి, ఆ తర్వాతే రుద్దడం.

బోర్ గైడ్ పెట్టండి. ప్యాచ్‌ను మసి సాల్వెంట్‌తో తడిపి జాగ్‌కు నడిమధ్యలో గుచ్చండి. రాడ్‌ను రెండు చేతులతో పట్టుకోండి: ఒక చెయ్యి పిడి మీద, ఇంకో చెయ్యి గైడ్ దగ్గర రాడ్‌ను తిన్నగా ఉంచడానికి. పిడి దగ్గర ఒక్క చేత్తో బలంగా నెడితే రాడ్ నడుము విల్లులా వంగుతుంది. వంగిన ఆ నడుమే గట్లను రాసుకునేది. కొంచెం కొంచెంగా, ఒకే వేగంతో, చాంబర్ నుంచి మూతి వైపు తోయండి. ప్యాచ్ గట్టిగానే పోవాలి గాని మీరు పళ్లు బిగించాల్సిన అవసరం రాకూడదు. అంత బలం పట్టిందంటే ప్యాచ్ పెద్దది. ఆపి వెనక్కి లాగి, అంచు కత్తిరించి మళ్లీ పెట్టండి. సుత్తితో కొట్టడం మాట తలవనే వద్దు.

మూతి దాటగానే ప్యాచ్ రాలిపోతుంది. రాలకపోతే వేళ్లతో తీసేయండి. ఆ మురికి గుడ్డను మళ్లీ గొట్టంలోంచి వెనక్కి లాక్కురావద్దు. ఇప్పుడు జాగ్ మూతి బయట ఉంది. వెనక్కి తీసుకునేటప్పుడు రాడ్ తన బరువుతో మూతి అంచు మీద వాలకుండా చూసుకుంటూ మెల్లగా లాగండి. క్రౌన్ చెడేది సరిగ్గా ఈ క్షణంలో. ఒక్కరోజులో చెడదు. వందసార్లు అదే చోట, అదే వైపు రాసుకుంటే చెడుతుంది.

రాడ్ బయటికి రాగానే దాన్ని గుడ్డతో పొడవునా తుడవండి. ప్రతిసారీ. విసుగే, కాదనను. ఈ విసుగు పనిని వదిలేసేవాళ్లు ఎంత ఖరీదైన రాడ్ కొన్నా దండగ.

రెండు మూడు తడి ప్యాచ్‌లు పోయాక ఓ ఐదు నిమిషాలు ఆగండి. ద్రావకం మసిలోకి దిగడానికి అది పట్టే సమయం. సాల్వెంట్ చేయాల్సిన పనిని చేతి బలంతో చేయాలనుకోవడమే ఈ పనిలో సగం పాపాలకు మూలం.

ఇక్కడో చిన్న పక్కమాట. ఫ్రాంక్ ఆగస్ట్ హాపీ అనే ఆయన 1903లో తయారుచేసిన హాపీస్ నంబర్ 9 అనే సాల్వెంట్ ఇప్పటికీ అమ్ముడవుతోంది. ముగ్గిన అరటిపండు లాంటి వాసన. దాని పక్కన కొత్త కొత్త ద్రావకాలు ఎన్నో వచ్చాయి, కొన్ని నిజంగానే మెరుగు. అయినా మామూలు మసికి ఏదైనా మంచి సాల్వెంట్ సరిపోతుంది, సీసా మీద రంగుల బొమ్మలు చూసి ఖర్చు పెంచుకోనక్కర్లేదు.

బ్రష్

కంచు బ్రష్‌ను సాల్వెంట్ సీసాలో ముంచకండి, సీసా అంతా మురికి అవుతుంది. డ్రాపర్‌తో బ్రష్ మీద నాలుగు చుక్కలు వేయండి. గైడ్‌లోంచి దూర్చి ఒకే ఊపున మూతి బయటికి పూర్తిగా వచ్చేదాకా తోయండి. మధ్యలో దిశ మార్చకూడదు. మార్చాలని చూస్తే పోగులు ఎదురు తిరిగి గోడకు తన్ని పట్టేస్తాయి, బ్రష్ లోపలే ఇరుక్కుంటుంది.

మూతి బయటికి వచ్చిన బ్రష్‌ను ఏం చేయాలన్న దాని మీద వాదాలున్నాయి. అలాగే వెనక్కి లాగేవాళ్లున్నారు, బ్రష్‌ను మర విప్పి తీసి రాడ్ ఒక్కదాన్నే వెనక్కి లాగేవాళ్లున్నారు. కంచు ఉక్కును గీరలేదు కాబట్టి లాగినా ఫర్వాలేదనేది మొదటివాళ్ల వాదన, అందులో నిజం ఉంది. కాని అప్పుడే తోసిన మసి మూతి దగ్గర ఉంది, దాన్నే మళ్లీ లోపలికి ఈడ్చుకొస్తున్నాం కదా. పోటీల్లో కాల్చే రైఫిల్‌కు నేను విప్పే తీస్తాను. వేటాడే రైఫిల్‌కో, సరదాకి డబ్బాలు కొట్టే మామూలు తుపాకికో అంత ఓపిక చూపించను, నిదానంగా వెనక్కి లాగుతాను.

ఐదు నుంచి పదిసార్లు చాలు. యాభైసార్లు రుద్దమని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. తర్వాత రెండు తడి ప్యాచ్‌లు, ఆపైన పొడి ప్యాచ్‌లు. ప్యాచ్ మీద నలుపు తగ్గుతూ బూడిదరంగుకు వస్తే మసి పని అయిపోయినట్టే. పాలలా తెల్లగా రావాలని పట్టుబట్టకండి.

.22 అయితే ఇక్కడే ఆగిపోవచ్చు. సీసపు గుండుకు రాగి తొడుగు ఉండదు. పైగా ఆ గుండ్ల మైనపు పూత బోర్‌లో ఒక సన్నటి పొరగా పరుచుకుంటేనే .22 నిలకడగా కొడుతుంది. దాన్ని మొత్తం కడిగేస్తే మళ్లీ కొన్ని గుండ్లు కాల్చేదాకా గ్రూప్ కుదురుకోదు. కొన్నిసార్లు చాంబర్ ముందున్న గొంతు భాగంలో గట్టి మసి వలయంగా పేరుకుంటుంది. దాన్ని మాత్రం వదలకూడదు. అక్కడికి మటుకే తడి బ్రష్ పెట్టి, పక్కలకు పోకుండా మెల్లగా తిప్పి, తడి ప్యాచ్‌తో తుడిచేయండి.

రాగి పని

సెంటర్‌ఫైర్ (అడుగు నడుమ ప్రైమర్ ఉండే) తూటాల గుండ్ల తొడుగు మామూలుగా 95 పాళ్ల రాగి, 5 పాళ్ల జింక్ కలిసిన లోహం. గట్ల మీద రాసుకుంటూ పోయేటప్పుడు దాని పలచటి చారలు ఉక్కుకు అంటుకుంటాయి. మసి పోయాక మూతి దగ్గర టార్చి వేసి చూస్తే గట్ల మీద ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. కాస్త ఉంటే నష్టం లేదు, చాలా బ్యారెళ్లకు కాస్త రాగి ఉంటేనే కుదురు. పొరలు పొరలుగా పేరుకుని గ్రూప్ విచ్చుకున్నప్పుడు తీయాలి.

ఇక్కడ కంచు బ్రష్‌ను పక్కన పెట్టి నైలాన్ బ్రష్ అందుకోండి. కారణం రసాయనం. రాగి కరిగితే సాల్వెంట్ నీలం రంగుకు తిరుగుతుంది, ప్యాచ్ మీద ఆ నీలం చూసే లోపల ఇంకా రాగి ఉందో లేదో చెబుతాం. కంచులోనూ ఇత్తడిలోనూ ఉన్నది రాగే. కంచు బ్రష్షో ఇత్తడి జాగో వాడితే అవే కరిగి నీలం చూపిస్తాయి. బ్యారెల్ ఎప్పుడో శుభ్రమైపోయినా మీరు తెల్లారేదాకా తోముతూనే ఉంటారు. జాగ్ కూడా నికెల్ పూతదో ప్లాస్టిక్‌దో అయితే ఈ బాధ ఉండదు. కంచు బ్రష్‌ను వాడిన వెంటనే కడగాలని చెప్పేది కూడా అందుకే, అమ్మోనియా దాని పోగుల్ని మెల్లగా తినేస్తుంది.

రాగి సాల్వెంట్‌తో తడిపిన ప్యాచ్‌ను ఒకసారి తోసి, లేదా నైలాన్ బ్రష్‌తో పూసి, సీసా మీద రాసిన సమయం ఆగండి. ఆ సమయం దాటించకండి. అమ్మోనియా ద్రావకాన్ని రాత్రంతా బోర్‌లో వదిలేసి నిద్రపోతే పొద్దున్నే ఉక్కు మీద సన్నటి గుంటలు కనిపించవచ్చు. ఒకసారి గుంట పడితే అది పోదు, పైగా తర్వాతి రాగి అంతా ఆ గుంటల్లోనే చిక్కుకుంటుంది. అవసరమైతే పది నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు చేయండి. ఒక ద్రావకం తడి ఉండగా ఇంకోదాన్ని పోయకండి. మధ్యలో పొడి ప్యాచ్‌లతో ఆరబెట్టండి.

రుద్దుడు పేస్టుల సంగతి. మొండి మసికి, మొండి రాగికి సన్నటి గరుకు కలిపిన పేస్టులు దొరుకుతాయి. పనిచేస్తాయి, అబద్ధం కాదు. కాని పేరులోనే ఉంది రుద్దుడు. వాటిని గొంతు దగ్గర కొద్దిసార్లు వాడి, మొత్తం తుడిచేసి, మళ్లీ సంవత్సరందాకా డబ్బా మూత తీయకుండా ఉండగలిగే నిగ్రహం ఉన్నవాళ్లకే అవి. ప్రతివారం వాడేవాళ్లు గట్లను తామే పాలిష్ చేసి పంపేస్తున్నారు. చవకగా దొరికే బోర్‌స్కోప్ కెమెరా కూడా ఇలాంటి చిక్కే తెస్తుంది. కొత్త బ్యారెల్‌లో కూడా పనిముట్ల గీతలు కనిపిస్తాయి, చూసి గుండె జారుతుంది, చేతులు పేస్టు డబ్బా వైపు పోతాయి. గ్రూప్ బాగున్నంతకాలం కెమెరాను బీరువాలో ఉంచండి.

వెనక నుంచి దారి లేని తుపాకులు

బోల్ట్ యాక్షన్‌లో వెనక నుంచి రాడ్ దూరుతుంది. ఏఆర్ తరహా (ఎం16 లాంటి) రైఫిల్‌లో పై భాగాన్ని విడదీసి బోల్ట్ క్యారియర్ తీస్తే దూరుతుంది. మార్లిన్ 336 అనే లివర్ రైఫిల్‌లో లివర్ మర ఒక్కటి విప్పితే లివర్, బోల్ట్ బయటికి వచ్చి దారి ఇస్తాయి. కాని వించెస్టర్ 1894, ఎం1 గరాండ్, మామూలు రూగర్ 10/22 లాంటివాటికి వెనక దారి మూసి ఉంటుంది. మూతి నుంచే చేయాలి.

అప్పుడు మూతికి గైడ్ పెట్టాలి. మూతి మీద టోపీలా కూచుని మధ్యలో రంధ్రంతో రాడ్‌ను నిలబెట్టే చిన్న ముక్క అది. అది లేకుండా మూతి నుంచి రాడ్ తోయకండి. తోసిన మడ్డి అంతా యాక్షన్‌లోకి, అంటే తూటా ఎక్కించి పేల్చే యంత్రభాగంలోకి, పోతుంది కాబట్టి చాంబర్ దగ్గర గుడ్డ కుక్కి, తుపాకిని ట్రిగ్గర్ పైకి ఉండేలా తిరగేసి పెట్టుకోండి. మడ్డి మీది కవర్ వైపు పడుతుంది, ట్రిగ్గర్‌లోకి దిగదు.

ఇంకో దారి పుల్‌త్రూ. చాంబర్ నుంచి కేబుల్ జారవిడిచి మూతి నుంచి లాగడం. బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పట్టిన సైనికులందరికీ ఇది బాగా తెలుసు. భుజానికి ఆనించే బట్ లోపలి గూట్లో ఇత్తడి నూనె సీసా, చివర ఇత్తడి బరువు కట్టిన తాడు, నాలుగంగుళాలకు రెండంగుళాలు చింపుకునే ఫ్లానెల్ గుడ్డ ఉండేవి. ఆ తాడును ఓ పక్కకు వాల్చి లాగీ లాగీ మూతి అంచులో తాడు ఒరిపిడి గాడి పడిన పాత రైఫిళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. నూలుతాడు ఉక్కును కోయడమేమిటని ఆశ్చర్యం వేస్తుంది. తాడుకు అంటిన ఇసుకే కోసింది. కాబట్టి ఇవాళ్టి పాము లాంటి పుల్‌త్రూ అయినా సరే, బోర్ నడిమి గీత వెంట తిన్నగానే లాగాలి, నేల మీద పడనివ్వకూడదు, నాలుగు వాడకాలకొకసారి సబ్బునీళ్లలో ఉతికి బాగా ఆరబెట్టాలి. ఇది రేంజిలో చేసే పైపై శుభ్రానికి మంచి పనిముట్టు. గట్టి మసికి రాడ్‌కు సాటిరాదు.

ఎయిర్ రైఫిల్ ఉన్నవాళ్లు పైదంతా మర్చిపోండి. దాని బ్యారెల్‌లో మందుగుండు మసి ఉండదు. స్ప్రింగ్ తుపాకిలో పెట్రోలియం సాల్వెంట్ పోస్తే కుదింపు వేడికి అది అంటుకుని పేలుడు పుట్టిస్తుంది, సీళ్లు పోతాయి. పొడి ప్యాచ్ లాగితే చాలు.

ఉప్పు మిగిలే తూటాలు

1950ల ముందరి సైనిక తూటాల్లో చాలావాటికి, ఆ తర్వాతి సోవియట్ తూటాల్లోనూ ఎన్నిటికో, ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. మన వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. గాల్లో తేమను పీల్చుకుని ఒక్కరాత్రిలో తుప్పు పట్టిస్తుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు నూనె పూయడం. ఉప్పు నూనెలో కరగదు. ఉప్పు మీద నూనె పూస్తే కింద ఉప్పు హాయిగా పనిచేసుకుంటుంది.

కరిగించేది నీళ్లే. బోల్ట్ తీసి, చాంబర్‌లో గరాటు పెట్టి, సలసల కాగిన నీళ్లు పోయండి. బ్రిటిష్ సైనికులు చేసింది ఇదే. వేడి బ్యారెల్‌కు ఎక్కి, మిగిలిన తడి దానంతటదే ఆరిపోతుంది. బ్యారెల్ పట్టుకునే చేతికి మందపాటి గుడ్డ చుట్టుకోండి. ఆ తర్వాత మామూలు సాల్వెంట్ పని, ఆఖరున నూనె. బోల్ట్ ముఖాన్ని, గ్యాస్ తుపాకి (మందు వాయువుతో బోల్ట్ నడిచేది) అయితే పిస్టన్‌ను కూడా నీళ్లతో కడగాలి. నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) తుపాకులకు కూడా వేడినీళ్లూ కాస్త సబ్బూ ఉండాల్సిందే.

ఎన్నాళ్లకోసారి?

దీనికి అంకె చెప్పమంటే చెప్పను. గ్రూప్ చెబుతుంది. ఒక పుస్తకంలో ఎన్ని గుండ్లయ్యాయో, గ్రూప్ ఎంతుందో రాసుకోండి. ఎక్కడ నుంచి చెదరడం మొదలవుతోందో మూడు నాలుగు విడతల్లో మీకే తెలుస్తుంది. మంచి .22 కొన్ని వందల గుండ్లదాకా ఏమీ అడగదు. తేమ తగిలినా, వానలో తడిసినా, ఉప్పు తూటాలు కాల్చినా మాత్రం ఆ రోజే శుభ్రం చేయాలి. దానికి పుస్తకం చూడక్కర్లేదు.

అతిగా తోమవద్దంటున్నానని తోమడమే మానేయకండి. 1960ల నడుమ వియత్నాంలో ఎం16 రైఫిళ్లను శుభ్రం పెద్దగా అక్కర్లేదన్న నమ్మకంతో, సరిపడా శుభ్రం సామాను లేకుండానే సైనికుల చేతికిచ్చారు. తూటాల్లో మందు మార్చారు, చాంబర్‌కు క్రోమ్ పూత లేదు. ఖాళీ కేసులు చాంబర్‌లో ఇరుక్కుపోయి యుద్ధం మధ్యలో తుపాకులు మొరాయించాయి. ఆ తర్వాతే చాంబర్‌కు క్రోమ్ వచ్చింది, శుభ్రం సామాను వచ్చింది.

కొత్త బ్యారెల్‌ను ఒక గుండు కాల్చి ఒకసారి తోముతూ మచ్చిక చేయాలనే పద్ధతి మీద బ్యారెల్ చేసేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. మీ బ్యారెల్ తయారీదారు ఏం రాశాడో అదే చేయండి. ఏమీ రాయకపోతే మొదటి పూట కాస్త తరచుగా శుభ్రం చేస్తే చాలు.

ప్యాచ్ ఇరుక్కుంటే

ముందుకు నెట్టవద్దు. వచ్చిన దారినే వెనక్కి లాగండి. జాగ్ ఊడి గుడ్డ లోపలే ఉండిపోతే రెండువైపుల నుంచీ చొచ్చుకుపోయే నూనె వేసి, గంటలు పట్టినా ఆగి, సరైన సైజు రాడ్‌తో బయటికి తోయండి. లేదంటే పనివాడి దగ్గరికి తీసుకెళ్లండి. తూటా పెట్టి కాల్చేస్తే పోతుందనే సలహా ఎవరిచ్చినా ఆ మనిషికి దూరంగా ఉండండి. అడ్డు ఉన్న బ్యారెల్ ఉబ్బుతుంది, పగులుతుంది, ముఖం మీదే పగలొచ్చు.

చివరి తుడుపు, దాచడం

పొడి ప్యాచ్‌లు వేసి సాల్వెంట్ ఆనవాలు లేకుండా చేయండి. ఒక ప్యాచ్‌కు రెండు చుక్కల నూనె వేసి, చేత్తో పిండి, ఒకసారి తోయండి. వెంటనే ఒక పొడి ప్యాచ్. లోపల మిగలవలసింది పొర, మడుగు కాదు. చాంబర్‌ను మాత్రం పూర్తిగా పొడిగా తుడవండి. కాల్చినప్పుడు ఇత్తడి కేసు చాంబర్ గోడను కరిచి పట్టుకోవాలి. అక్కడ నూనె ఉంటే పట్టు జారి ఆ తోపు అంతా బోల్ట్ మీద పడుతుంది.

మూతి అంచును ఒకసారి పరీక్షించండి. చెవిలో పెట్టుకునే దూదిపుల్లను అంచు చుట్టూ లోపలి నుంచి బయటికి తిప్పండి. ఎక్కడైనా దూదిపోగు చిక్కుకుంటే అక్కడ అంచు దెబ్బతింది. దాన్ని మీరే ఆకురాయితో సరిచేయబోకండి, క్రౌన్ మళ్లీ కోయడం లేత్ మీద చేసే పని.

తుపాకిని మూతి కిందికి పెట్టి దాచగలిగితే మేలు. మూతి పైకి ఉంటే నూనె నెమ్మదిగా వెనక్కి దిగి ట్రిగ్గర్‌లోకి, చెక్క స్టాక్‌లోకి ఇంకుతుంది. చలిలోంచి వెచ్చటి గదిలోకి తెచ్చిన తుపాకికి చెమట పడుతుంది. దాన్ని వెంటనే పెట్టెలో మూసేయకుండా గది వేడికి వచ్చాక తుడిచి పెట్టండి. వాడిన ప్యాచ్‌లను మూతున్న డబ్బాలో వేసి పారేయండి. చేతులు సబ్బుతో కడిగాకే ఏదైనా ముట్టుకోండి, మసిలో సీసం ఉంటుంది.

మళ్లీ కాల్చబోయే రోజు, రేంజికి వెళ్లగానే, తూటా పెట్టకముందే బోర్‌లో ఒక పొడి ప్యాచ్ తోయండి. నూనె ఉన్న బోర్‌లో పీడనం తేడా వస్తుంది. ఎంత తుడిచినా శుభ్రమైన బ్యారెల్ నుంచి మొదటి గుండు తరచూ పక్కకే పడుతుంది. దాన్ని చూసి స్కోపు మరలు తిప్పేయకండి. సెంటర్‌ఫైర్ అయితే రెండు మూడు, .22 అయితే ఐదు నుంచి పది గుండ్లు లెక్కలోకి తీసుకోకుండా మట్టిగట్టులోకి వదిలి, ఆ తర్వాత పడినవాటినే పుస్తకంలో రాసుకోండి.